గంతుల బంతి పాట: 110 గంతుల వీడియో, దశలవారీ డైరీ

చేస్తున్నది: పాత మూకీ కార్టూన్ బొమ్మల మీద పిల్లలు పాడుకునే తెలుగు పాట. కింద సాహిత్యం, దాని మీద అక్షరం నుంచి అక్షరానికి గెంతే బంతి.

కొలతలు: 1920 × 1080, సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 2,816 ఫ్రేములు (1 నిమిషం 57.3 సెకన్లు). నాలుగు చరణాలు, 16 పాదాలు, 110 గంతులు.

వాడినవి: అడాసిటీ (ధ్వని ఎడిటింగ్), పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), పాంగో (అక్షరాలను అమర్చే లైబ్రరీ), ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియో మార్పిడి, ఫిల్టర్లు), క్రిటా (బొమ్మలు గీసేది). అన్నీ ఉచితంగా దొరికేవే.

దశ 1: పాట, మాత్రల లెక్క

మొదటి చరణం ఇది:

గుండ్రం గుండ్రం బంతీ
గంతులు వేసే బంతీ
అక్కడి కొమ్మను తాకీ
చుక్కల దాకా పోదాం

ప్రతి పాదం 12 మాత్రలు, ఆపైన 4 మాత్రల విరామం. గురువుకు రెండు, లఘువుకు ఒకటి అనే పాత లెక్కే ఈ ప్రాజెక్టు మొత్తానికీ ఆధారం. మూడో పాదం చూడండి: అ (2) క్క (1) డి (1), కొ (2) మ్మ (1) ను (1), తా (2) కీ (2). ద్విత్వం ముందున్న అక్షరం గురువు అవుతుంది కాబట్టి 'అ' మీద బంతి రెండు మాత్రలు ఉండాలి, 'క్క' మీద ఒకటే. దీన్ని తిరగేస్తే చూసేవాళ్లకు తప్పు ఎక్కడుందో తెలియదు గానీ, పాడుతున్న పిల్లలు మాత్రం అక్కడే తడబడతారు.

మొదటి తప్పు వేగం. నిమిషానికి 120 దెబ్బలు, అంటే దెబ్బకు 12 ఫ్రేములు, మాత్రకు 6. పెద్దల చెవికి హుషారుగా ఉంది. కానీ అక్షరాలు ఇంకా కూడబలుక్కునే వయసు పిల్లలకు సెకనుకు నాలుగు లఘువులు అందవు. వేగం 90కి దించాం: దెబ్బకు 16 ఫ్రేములు, మాత్రకు 8. వేగాన్ని ఎంచేటప్పుడు మాత్ర కచ్చితంగా పూర్ణ ఫ్రేముల్లో పడేలా చూసుకోవాలి. 100 పెడితే మాత్రకు 7.2 ఫ్రేములు వస్తాయి. ఆ 0.2 తర్వాత ప్రతి దశలోనూ అడ్డుపడుతుంది.

రెండో తప్పు శ్రుతి. సా 196 హెర్ట్జ్ దగ్గర పెట్టి పాడించిన గొంతుతో కలిసి పాడితే పిల్లల గొంతు అడుగుకు పోయి గొణుగుడు అయింది. సా 294 హెర్ట్జ్‌కు మార్చాం. పాట సా నుంచి పా (440 హెర్ట్జ్) దాటదు.

ఫ్రేముల పద్దు:
1. పాదానికి 16 మాత్రలు × 8 = 128
2. 16 పాదాలు = 2,048
3. ముందు వాయిద్యం 256, చరణాల మధ్య 3 × 128 = 384, ముగింపు 128
4. మొత్తం 2,816

ఇప్పటివరకు: 9 గంటలు.

దశ 2: అక్షరాలు విడగొట్టడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఇంగ్లీషు పాటలకు తయారైన పనిముట్లు మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను వేరు పొరగా పెడతాయి. 'చుక్క'ను చెవికి వినబడినట్టు 'చుక్', 'క' అని కోస్తే తెర మీద కూడా పొల్లు క, పక్కన మామూలు క కనబడతాయి. వత్తు మాయమవుతుంది. తెలుగు లిపిలో కోత 'చు', 'క్క' అనే ఉండాలి. పలుకులో విరుపు ఒకచోట, రాతలో విరుపు ఇంకోచోట. బంతి నడిచేది రాత మీద కాబట్టి రాతనే అనుసరించాలి.

లెక్క ఎలా తప్పిందంటే: మొదట వాడిన పాత లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన సిద్ధం కోడు) మొదటి చరణానికి 28 అక్షరాల బదులు 33 చూపించింది. అదనపు ఐదూ రెండు 'డ్రం', రెండు 'క్క', ఒక 'మ్మ' దగ్గర వచ్చాయి. గుండ్రం అనేది దానికి గుం, డ్, రం. యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉన్న ప్రమాణం) నియమాల్లో తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే గుత్తిగా ఉంచే సూత్రం 15.1 సంస్కరణలో వచ్చింది. అంతకు ముందు కట్టిన లైబ్రరీలు చాలావరకు ఇలాగే కోస్తాయి. లైబ్రరీ మార్చలేకపోతే మూడు నియమాలు రాసుకుంటే చాలు:

1. హల్లు, దాని తర్వాత పొల్లు గుర్తు, దాని తర్వాత ఇంకో హల్లు ఉంటే విడగొట్టవద్దు.
2. గుణింతపు గుర్తు, సున్న, విసర్గ ముందు అక్షరానికే చెందుతాయి.
3. మాట చివరి పొల్లు హల్లు కూడా ముందు అక్షరంలోనే కలుస్తుంది. దానికి వేరే గంతు లేదు.

తర్వాతి వైఫల్యం బొమ్మగా గీయడంలో. పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీ తన మామూలు అమరికతో గీస్తే వత్తులు కలవవు, రాక్మ్ అనే అమరిక లైబ్రరీ జోడిస్తేనే కలుస్తాయి. అది కుదిరాక కూడా ఒక్కో అక్షరం ఏ పిక్సెల్ దగ్గర ఉందో దాని నుంచి రాబట్టడం కష్టమైంది. పాంగోకు మారాం. పాంగో పాదం మొత్తాన్ని ఒకేసారి అమర్చి, ఏ అక్షరం ఎక్కడ పడిందో చెబుతుంది. పాదాన్ని ఎప్పుడూ ముక్కలుగా గీయవద్దు. పూర్తిగా గీసి స్థానాలు మాత్రమే అడగండి.

పాంగోతో రెండు రోజులు తిన్న తప్పు ఒకటుంది. అది స్థానాన్ని బైట్ల లెక్కలో అడుగుతుంది. తెలుగులో ఒక్కో సంకేతం (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న దేనికదే) యూటీఎఫ్ 8 అనే దాచే పద్ధతిలో 3 బైట్లు. 'గుండ్రం గుండ్రం బంతీ'లో చివరి 'తీ'కి ముందు 18 సంకేతాలున్నాయి, అందులో రెండు ఖాళీలు (ఖాళీకి ఒక్క బైటే). బైట్లలో అది 50. మేం 18 ఇచ్చాం. 18వ బైటు అంటే మొదటి 'గుండ్రం' చివరి సున్న. అలా 'తీ' మీద పడాల్సిన బంతి మొదటి మాటే దాటలేదు. బంతి పాదంలో మొదటి మూడో వంతులోనే తచ్చాడుతుంటే కారణం దాదాపు ఖాయంగా ఇదే.

అక్షరం మధ్య బిందువు: గుత్తి మొత్తం వెడల్పులో సగం తీసుకుంటే యవత్తు ఉన్నచోట బంతి కుడికి జరిగిపోయింది. వత్తును లెక్కలోంచి తీసేసి, పైనున్న హల్లు వెడల్పుకే మధ్య బిందువు తీశాం. మిగతా చరణాల్లో ఇలాంటి అక్షరాలు 4. తేడా ఒక్కోదానికి 11 నుంచి 19 పిక్సెళ్లు.

ఫాంటు: మొదట రామభద్ర, చుట్టూ 6 పిక్సెళ్ల నల్ల అంచు. లావు ఫాంటుకు అంచు కూడా తోడైతే వత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోయాయి. 'మ్మ'లో వత్తు నల్లటి ముద్ద. నోటో సాన్స్ తెలుగు బోల్డ్, 96 పిక్సెళ్లు, 3 పిక్సెళ్ల అంచు పెట్టాక చదవడానికి వీలైంది. పాదానికి 163 పిక్సెళ్ల ఎత్తు కేటాయించాలి. అంతకంటే తగ్గిస్తే కింద వత్తు గానీ పైన గుడి దీర్ఘం గానీ తెగుతుంది.

ఇప్పటివరకు: 23 గంటలు, 110 అక్షరాల స్థానాలు సిద్ధం.

దశ 3: ఏ క్షణంలో పడాలి

అడాసిటీలో గొంతు ట్రాక్ మీద ఒక్కో అక్షరానికి లేబుల్ పెట్టి, సెకన్ల పట్టికగా ఎగుమతి చేశాం. తరంగం ఎక్కడ పైకి లేస్తే అక్కడ గుర్తు పెట్టడం సహజం. అదే తప్పు. ఆ లేచేది హల్లు. పాడేవాళ్లు తాళం మీద పెట్టేది అచ్చును. 'డ్రం'లో డకార రేఫాలు తాళానికి ముందే పలికేసి, అకారం తాళం మీద మొదలవుతుంది. మా ట్రాక్‌లో ఆ హల్లుల నిడివి 90 మిల్లీసెకన్లు. మొత్తం గుర్తులు సగటున 78 మిల్లీసెకన్లు, అంటే దాదాపు రెండు ఫ్రేములు ముందున్నాయి. బంతి తొందరపడుతున్నట్టు కనిపించింది.

దిద్దుబాటు:
1. బంతి కాలాలు చేతి గుర్తుల నుంచి కాకుండా మాత్రల లెక్క నుంచి తీయాలి.
2. గొంతు ట్రాక్‌లో అచ్చు మొదలయ్యే చోట్లు మాత్రమే గుర్తించి, లెక్కతో పోల్చాలి.
3. తేడా 2 ఫ్రేములు దాటిన చోట అచ్చు వైపు జరపాలి. 110లో 17 జరిగాయి.
4. చివర అన్నిటినీ 1 ఫ్రేము ముందుకు లాగాలి.

నాలుగోదానికి కారణం ఉంది. ధ్వని బొమ్మ కంటే వెనక వస్తే కళ్లు ఓర్చుకుంటాయి, ముందు వస్తే ఓర్చుకోవు. ప్రసార రంగంలో వాడే ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) కొలత ప్రకారం ధ్వని 45 మిల్లీసెకన్లు ముందుంటేనే తేడా పసిగడతారు. వెనకుంటే 125 దాకా తెలియదు. ఒక ఫ్రేము 42 మిల్లీసెకన్లు కాబట్టి నష్టం లేదు. పిల్లలకు నోరు తెరిచే వ్యవధి కూడా దొరుకుతుంది.

తర్వాత వచ్చినది పెద్ద తప్పు. కాలాలను కరవోకె ఉపశీర్షికల ఫైల్లో దాచాం. ఆ ఫైలు సెకనులో నూరో వంతుల్లో లెక్కిస్తుంది. లఘువు 33.33, గురువు 66.67. మా ప్రోగ్రాము దశాంశాలు కోసేసి 33, 66 రాసింది. పైగా ప్రతి కాలాన్నీ ముందుదానికి కలుపుతూ పోయింది. కొలిస్తే:

4 పాదాలకు: 17 నూరో వంతులు, 4 ఫ్రేములు
8 పాదాలకు: 35, 8 ఫ్రేములు
16 పాదాలకు: 70, దాదాపు 17 ఫ్రేములు

పాదానికి ఒక ఫ్రేము చొప్పున బంతి ముందుకు పరుగెత్తింది. పాట చివరికొచ్చేసరికి రెండు మాత్రల తేడా. మొదటి చరణం మాత్రమే చూసి 'బాగుంది' అనుకుంటే ఇది దొరకదు, ఎప్పుడూ చివరి పాదం చూడాలి. మందు: కాలాలన్నీ పాట మొదటి నుంచి ఫ్రేము సంఖ్యల్లో దాచడం. ఒకదానికొకటి కలపకూడదు. ఉపశీర్షికల ఫైలు పక్కన పెట్టేశాం.

చిన్నదే గానీ దొరకనిది: గుర్తులు ఎంపీ3 మీద పెట్టి, చివరి వీడియోలో వేవ్ (కుదించని ధ్వని) ఫైలు వాడితే ఎంపీ3 మొదట్లో చేరే ఖాళీ వల్ల 25 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. మొదటి నుంచి వేవ్ ఒక్కటే వాడండి.

ఇప్పటివరకు: 34 గంటలు.

దశ 4: బంతి

భౌతికశాస్త్రం ప్రకారం కాలం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు. లఘువుకు 40 పిక్సెళ్లు అంటే గురువుకు 160. చూడ్డానికి నిజమైన బంతిలాగే ఉంది, కానీ గురువు దగ్గర బొమ్మ మీదికి ఎక్కిపోయింది, కళ్లు అక్షరాన్ని వదిలి బంతి వెంట పైకి పోయాయి. అన్నిటికీ ఒకే ఎత్తు ఇస్తే లఘువులు కుదుపుగా కనబడ్డాయి. చివరికి లఘువుకు 56, గురువుకు 96. సూత్రం ప్రకారం ఇది తప్పే. కంటికి మాత్రం గురులఘువుల తేడా తెలుస్తుంది, అక్షరం చూపులోంచి జారదు.

బంతి వ్యాసం 44 పిక్సెళ్లు. అన్ని అక్షరాలకూ ఒకే ఎత్తులో, గుడి దీర్ఘానికి 14 పిక్సెళ్ల పైన ఆగుతుంది. తాకిన ఒక్క ఫ్రేములో ఎత్తు 80%, వెడల్పు 125% అవుతుంది. వైశాల్యం మారదు కాబట్టి బంతి ఉబ్బినట్టు ఉండదు.

నిలువు లెక్క: పాదం 163, గంతు 96, బంతి 44, ఖాళీ 14, కింద 5% అంచు 54. మొత్తం 371. కాబట్టి సాహిత్యానికి 384 వదిలి, పాత సినిమా బొమ్మను 928 × 696కి కుదించాం. అందుకే తెర మీద ఒకసారికి ఒకే పాదం. రెండు పాదాల అమరిక ప్రయత్నించాం గానీ పై పాదపు వత్తులకు కింది పాదం బంతి తగిలింది.

పాదం మారే చోటు చాలాసార్లు మార్చాం. మొదట బంతి కుడి చివర నుంచి ఎడమ మొదటికి ఎగిరింది. చదవడం నేర్చుకునేవాళ్ల చూపు దానితో వెనక్కి లాగబడింది. ఇప్పుడు క్రమం ఇది:

1. చివరి గురువు మీద బంతి 16 ఫ్రేములు కదలకుండా ఉంటుంది.
2. 32 ఫ్రేముల విరామంలో మొదటి 8లో పాత పాదం, బంతి కలిసి మాయం.
3. వెంటనే కొత్త పాదం. పాడటానికి ముందు 24 ఫ్రేములు, సరిగ్గా ఒక సెకను.
4. చివరి 8 ఫ్రేముల్లో బంతి పైనుంచి మొదటి అక్షరం మీదికి దిగుతుంది.

ముందు 24 బదులు 8 ఫ్రేములే ఇచ్చాం. ప్రతి పాదంలో మొదటి మాట ఎవరూ అందుకోలేదు.

బంతి మరీ యంత్రంలా ఉందనిపించి మూలానికి వెళ్లి చూశాం. అమెరికా కార్టూన్ నిర్మాతలు ఫ్లైషర్ సోదరులు 1924లో మొదలుపెట్టిన సాంగ్ కార్-ట్యూన్స్ వరుస చిత్రాల్లో ఆ బంతి చాలావరకు గీసిన బొమ్మ కాదు. పొడవాటి కర్ర చివర మెరిసే బంతిని బిగించి, స్టూడియో మనిషి ఒకరు సాహిత్యం మీద ఆడించేవారు. కర్ర తెర మీద కనబడేది కాదు. ఆ బంతిలోని ప్రాణం చేతిది. మేమూ పాట వింటూ మౌస్‌తో ఆడించి రికార్డు చేశాం. అక్షరం మీద పడటంలో తేడా 3 ఫ్రేముల వరకు వచ్చింది, లఘువుల దగ్గర అది పనికిరాదు. కానీ రాగం సాగే చోట్ల చేతి కదలిక లెక్క కంటే ఎంతో హాయిగా ఉంది. అందుకని గంతులు లెక్కతో, రెండో చరణం చివర సాగే దీర్ఘం మీద మెల్లగా ఊగడం చేతితో.

ఇప్పటివరకు: 50 గంటలు, 110 గంతులు.

దశ 5: పాత ఫిల్ము శుభ్రం

1928కి ముందు విడుదలైన మూకీ కార్టూన్ ముక్కలే తీసుకున్నాం. అమెరికాలో 1928 నాటి సినిమాలు 2024 జనవరి 1న పబ్లిక్ డొమైన్‌లోకి (కాపీహక్కు తీరి ఎవరైనా వాడుకునేలా) వచ్చాయి. మిగతా దేశాల్లో లెక్క వేరు, ట్రేడ్‌మార్కు సంగతి పూర్తిగా వేరు. తర్వాతి కాలంలో చేర్చిన సంగీతానికి హక్కులు ఉండవచ్చు కాబట్టి ధ్వని ట్రాకును మొదటే తీసేయండి.

దొరికిన కాపీ సెకనుకు 29.97 ఫ్రేముల వీడియో. 24 ఫ్రేముల్ని సాగదీయడానికి ఫీల్డులు (ఒక్కో ఫ్రేములో సగం గీతలు) మూడు, రెండు చొప్పున కలిపినది. నకలు ఫ్రేముల్ని తీసేసే ఎంపీ డెసిమేట్ ఫిల్టరు వేస్తే పది సెకన్లలోని 300 ఫ్రేములు 240 కావాల్సింది 131 అయ్యాయి. ఎందుకంటే ఈ కార్టూన్లలో ఒక్కో గీతబొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచుతారు. ఫిల్టరు వాటిని కూడా నకళ్లనుకుని తీసేసింది, కార్టూన్‌లోని విదూషకుడి నడక పరుగైపోయింది. ఫీల్డుల్ని మళ్లీ జతకలిపే ఫీల్డ్ మ్యాచ్ ఫిల్టరు, ఆ తర్వాత డెసిమేట్, ఐదింట ఒకటి తీసేలా పెడితే కచ్చితంగా 240.

మినుకు: ఫ్రేముల సగటు వెలుగు 255 కొలమానంలో 21 వరకు ఊగుతోంది. డీఫ్లికర్ తర్వాత 6. పిల్లల వీడియోలో దీన్ని అందం కోసం వదిలేయకూడదు. సెకనుకు మూడు మెరుపులు దాటితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉన్నవాళ్లకు హాని.

ఇప్పటివరకు: 69 గంటలు, శుభ్రం చేసిన ముక్కలు 14.

దశ 6: బంతి బదులు బొమ్మ

నాలుగో చరణంలో బంతి స్థానంలో విదూషకుడే అక్షరాల మీద నడుస్తాడు. నల్ల దుస్తులు, నల్ల నేపథ్యం కాబట్టి వెలుగును బట్టి వేరుచేసే పద్ధతి దుస్తుల్నే తినేసింది, తల, చేతులు, తెల్ల గుండీలు మిగిలాయి. 19 గీతబొమ్మలను (నడక 12, గెంతు 7) క్రిటాలో చేత్తో కత్తిరించి, చుట్టూ 2 పిక్సెళ్ల తెల్ల గీత ఇచ్చాం.

మూలంలో అడుగు 12 ఫ్రేములు: ఆరు గీతబొమ్మలు, రెండేసి ఫ్రేములు. మా దెబ్బ 16. వీడియోను సాగదీస్తే మధ్య ఫ్రేముల్లో రెండు కాళ్లు నాలుగు కాళ్లుగా కనబడ్డాయి. గీతబొమ్మల్ని 3, 3, 2, 3, 3, 2 చొప్పున ఉంచితే సరిగ్గా 16, నడక తెగలేదు.

లఘువు మీద గెంతించడం కుదరదు. వంగడం, ఎగరడం, దిగడం 8 ఫ్రేముల్లో ఇరికిస్తే ఉలిక్కిపడ్డట్టుంటుంది. లఘువుకు అడుగు, గురువుకు గెంతు అని నియమం పెట్టుకున్నాం. ఛందస్సు కాళ్లలో కనబడుతుంది. మొత్తం వీడియోలో ఎక్కువ కష్టం, ఎక్కువ తృప్తి ఇక్కడే.

ఇప్పటివరకు: 93 గంటలు.

దశ 7: చివరి వీడియో

ఎడిటింగ్ ప్రోగ్రాము తనంతట తానే 23.976కి మార్చింది. చివర బంతి 117 మిల్లీసెకన్లు, దాదాపు 3 ఫ్రేములు వెనకబడింది. కొత్త ప్రాజెక్టు తెరవగానే 24 అని చేత్తో పెట్టండి. ఫైలు వచ్చాక ఫ్రేముల సంఖ్య 2,816 ఉందో లేదో చూడండి.

రెండు ట్రాకులు: ఒకటి గొంతుతో, ఒకటి వాయిద్యాలతోనే. రెండోదానిలో ప్రతి పాదానికి ముందు ఒక తాళపు దెబ్బ ఉంచాం. లేకపోతే ఎక్కడ అందుకోవాలో తెలియలేదు.

మొత్తం: 99 గంటలు, 2,816 ఫ్రేములు.

మిగిలిన లోపాలు:
1. విదూషకుడి ఎడమ చేతి అంచు రెండు గీతబొమ్మల్లో వణుకుతుంది.
2. మూడో చరణం రెండో పాదంలో గాయని ఒక దీర్ఘాన్ని ఇంకొంచెం లాగింది. తర్వాతి లఘువు మీద బంతి 3 ఫ్రేములు తొందర. దాన్ని జరిపితే పక్క గంతు 5 ఫ్రేములకు కుంచించుకుపోతుంది. ఆ పాదం మళ్లీ పాడించి రికార్డు చేయాలి.